మానసిక వైద్యం మొదలై రెండు నెలలు దాటింది: మందు మార్చమని అడగాలా, డాక్టరునే మార్చాలా?

గోదారి ఒడ్డు (గోదావరిఖని):
మా వారు బొగ్గుబావిలో, భూగర్భంలో పని చేస్తారు. నిరుడు మా మామగారు పోయిన తరువాత ఆయనకు రంది పట్టుకుంది. తిండి తగ్గింది, తెల్లవారుజామునే మెలకువ వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేవారు. తండ్రి పోయిన దుఃఖమేనని నెలల తరబడి సరిపెట్టుకున్నాం. డ్యూటీకి నాగాలు పెరిగి, పిల్లలతో కూడా మాట్లాడడం మానేసిన తరువాత ఒక మానసిక వైద్యునికి చూపించాం. ఉదయానికి డిప్రెషన్ తగ్గించే ఎస్సిటాలోప్రామ్, రాత్రికి ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే క్లోనజెపామ్ రాశారు. నిద్ర, ఆకలి కొంత నయమే కానీ మనిషి ఇంకా ముభావంగానే ఉన్నారు, పగలంతా మత్తుగా ఉంటున్నారు. చీటీలో రాత్రి అని ఉన్నందున రాత్రి షిఫ్టు వారంలో కూడా అన్నం తిని, ఆ మాత్ర వేసుకునే బావికి వెళ్తున్నారు. మళ్లీ చూపిస్తే అవే వాడమని పంపించేశారు. మా అత్తమ్మ మందులు మానిపించి కొండగట్టు అంజన్న గుడికి తీసుకుపోదామంటున్నారు. ఇంకా ఆగి చూడాలా, వేరే డాక్టరు దగ్గరికి పోవాలా?

మానేరు తీరం (కరీంనగర్):
నేను మందుల దుకాణంలో ఫార్మసిస్టును, డాక్టరును కాను. మీరు రాసిన వాటిలో అన్నిటికన్నా తొందరగా తేల్చుకోవలసింది రాత్రి షిఫ్టు సంగతి. క్లోనజెపామ్ మత్తు కలిగించే మందు, దాని ప్రభావం మరునాటి పగటి దాకా ఉండవచ్చు, కాబట్టి అది వేసుకుని యంత్రాల మధ్య పని చేయడం ఆయనకే కాదు, పక్కనున్న వారికీ ప్రమాదం. ఆయన రాత్రిళ్లు బావిలోకి దిగుతారన్న విషయం డాక్టరుకు తెలుసా? చాలామంది వృత్తి అడిగితే ఉద్యోగమని చెప్పి ఊరుకుంటారు. తరువాతి రాత్రి షిఫ్టు దాకా ఆగకుండా, రేపే ఫోన్ చేసి అడగండి.

అలాగని మీ అంతట మీరు ఆపేయవద్దు. కొన్ని వారాలు వరుసగా వాడిన క్లోనజెపామ్‌ను ఒక్కసారిగా మానేస్తే వణుకు, నిద్రలేమి, కొందరిలో మూర్ఛ కూడా రావచ్చు. ఎస్సిటాలోప్రామ్ పని చూపడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది గనుక, ఆ మధ్యకాలంలో ఆందోళన, నిద్రలేమి తగ్గడానికి రెండోది తోడుగా ఇచ్చి తరువాత మెల్లగా తగ్గించే పద్ధతి ఉంది. మీ చీటీలో అది అలాగే కొనసాగుతోంది కాబట్టి ఎప్పుడు తగ్గిస్తారని నేరుగా అడగండి. మా దగ్గరికి పాత చీటీ చూపి అవే గోలీలు కావాలనేవారు రోజూ వస్తుంటారు, ఆ చీటీ రాసిన డాక్టరు వాళ్లను చూసి ఎంత కాలమైందో చాలామందికి గుర్తుండదు.

హన్మకొండ వాసి:
అక్కా, ఇదే జబ్బుకు వైద్యం తీసుకున్న మనిషిగా రాస్తున్నాను. మందు మార్చడమంటే మొదటి డాక్టరు తప్పు చేశారని కాదు. మొదటి మందు అందరికీ పూర్తిగా పనిచేయదు. సరైన డోసులో నాలుగు నుంచి ఆరు వారాలు వాడినా తగినంత గుణం లేకపోతే డోసు పెంచడమో, వేరే మందుకు మార్చడమో, కౌన్సెలింగ్ కలపడమో వైద్యంలో మామూలు మెట్టే. మీ వారికి నిద్ర, ఆకలి కుదుటపడ్డాయంటే మందు కొంత పట్టుకున్నట్టే, కానీ సగం గుణంతో సరిపెట్టుకోవలసిన అవసరం లేదు.

డాక్టరు గదిలో దొరికేది కొద్ది నిమిషాలే. "ఎట్లున్నది?" అని అడిగితే మగవాళ్లు "మంచిగనే ఉన్నది సార్" అంటారు, దాంతో అవే మందులు మళ్లీ వస్తాయి. ఈసారి మీరు కూడా లోపలికి వెళ్లండి. ఏ గంటకు పడుకుంటున్నారు, మత్తు ఎంతసేపు ఉంటోంది, ఎన్ని నాగాలు పడ్డాయి, పిల్లలతో మాట్లాడుతున్నారా, మద్యం తాగుతున్నారా (ఇది దాచవద్దు, అది క్లోనజెపామ్‌తో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది) అన్నవి కాగితం మీద రాసుకుపోండి. థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు అవసరమా అని కూడా అడగండి, వాటిలో లోపం ఉన్నా మనిషి ఇలాగే నీరసపడతాడు. ఇంత చెప్పినా వినే ఓపిక లేకపోతే, అప్పుడు డాక్టరును మార్చండి. పాత చీటీలన్నీ వెంట తీసుకుపోతే కొత్తవారు మొదటి నుంచి మొదలుపెట్టనవసరం ఉండదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. కొండగట్టు అంజన్న దగ్గర మనసు కుదుటపడుతుందన్న నమ్మకం మన వైపు ఎప్పటి నుంచో ఉంది. వెళ్లండి, మాత్రల డబ్బా కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి.

గోదారి ఒడ్డు:
అందరికీ ధన్యవాదాలు. ఫోన్ చేసి అడుగుతాను. మరో రెండు సందేహాలున్నాయి. ఈ మాత్రలు జీవితాంతం వాడాలా? పని చేసే చోట తెలిస్తే ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందని ఆయన భయపడుతున్నారు.

తెల్లకోటు (వరంగల్, స్టాఫ్ నర్సు):
మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు, మనిషి పూర్తిగా కోలుకున్న తరువాత కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించి, ఆపైన మెల్లగా తగ్గించడం సాధారణ పద్ధతి. మళ్లీ మళ్లీ వచ్చేవారికి ఎక్కువ కాలం అవసరమవుతుంది. బాగైందని ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, వికారం, చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు అనిపించడం వంటివి రావచ్చు. వాటిని చూసి మందుకు బానిసయ్యామని కొందరు, జబ్బు తిరగబెట్టిందని కొందరు బెదిరిపోతారు.

రెండో దానికి వస్తే, 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, వైద్యులు రోగి వివరాలను గోప్యంగా ఉంచాలి. పని మార్పు కావాలంటే జబ్బు పేరు లేకుండా, కొంతకాలం రాత్రి డ్యూటీ వద్దని మాత్రమే రాసివ్వగలరేమో డాక్టరునే అడగండి.

ఇవన్నీ తీరికగా తేల్చుకోదగినవి, కొన్ని కావు. చనిపోవాలన్న మాట వచ్చినా, మాత్రలు దాచిపెడుతున్నట్టు కనిపించినా, తిండి నీళ్లు మానేసినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మందు మొదలైన తరువాత నిద్ర అవసరమే లేనట్టు హుషారుగా తిరుగుతూ, అతిగా మాట్లాడుతూ, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తున్నా సరే, అది మంచి మార్పు అనుకోక వెంటనే డాక్టరుకు చెప్పాలి, అలాంటప్పుడు మందే మార్చవలసి రావచ్చు. దారి తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబర్‌లో మొదలైన టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు పనిచేస్తుంది, డబ్బు తీసుకోరు.

మరొక మాట: చీటీ ఫోటో ఇక్కడ ఎవరు అడిగినా పెట్టవద్దు, అందులో ఆయన పేరు ఉంటుంది.