డాలస్‌లో పక్కింటి కుక్క బాబును కరిచింది, ఏం చేయాలి?

డాలస్, కొత్తగా వచ్చినవారు:
అందరికీ నమస్కారం. మేం అమెరికా వచ్చి ఇంకా రెండు నెలలు కాలేదు. నిన్న సాయంత్రం అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర పక్కింటివాళ్ళ కుక్క మా బాబు పిక్క మీద కరిచింది. రెండు పంటి గాట్లు పడ్డాయి, కొంచెం రక్తం వచ్చింది. టీకాలన్నీ వేయించామని, కంప్లైంట్ మాత్రం చేయొద్దని వాళ్ళు బతిమాలుతున్నారు. మేం హెచ్‌1బీ మీద ఉన్నాం, గొడవలు వద్దనుకుంటున్నాం. రేబిస్ ఇంజెక్షన్లు ఇక్కడ ఎక్కడ వేస్తారో చెప్పగలరా?

ప్లేనో నుంచి:
తమ్ముడూ, ముందు గాయం చూడు. కుళాయి ధార కింద సబ్బుతో పావుగంట కడగాలి. నిన్న సరిగ్గా కడగకపోతే ఇప్పుడైనా కడుగు. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. ఈరోజే పిల్లల డాక్టరుకు చూపించు. చీము పట్టకుండా మందు కావాలా, టెటనస్ వేయాలా అన్నది ఆయన చూస్తాడు.

ఇక కంప్లైంట్. టెక్సస్ చట్టం ప్రకారం కాటు సంగతి తెలిసినవాళ్ళు జంతువుల వ్యవహారాలు చూసే స్థానిక ప్రభుత్వ విభాగం, అంటే యానిమల్ కంట్రోల్‌కు చెప్పి తీరాలి. డాలస్‌లో అయితే నగర సేవల నంబరు 311కి ఫోన్ చేస్తే చాలు. దీనికీ వీసాకీ ఏ సంబంధమూ లేదు. మొహమాటపడి ఊరుకున్నావంటే నష్టపోయేది బాబే. ఎందుకంటే నువ్వు చెబితేనే ఆ కుక్కను 240 గంటలు, అంటే పది రోజులు, కట్టడిలో పెడతారు. కరిచే సమయానికి దాని లాలాజలంలో వైరస్ ఉండి ఉంటే ఆ పది రోజుల్లోపే జబ్బు బయటపడుతుంది. పదో రోజుకి కూడా అది ఆరోగ్యంగా ఉంటే మీవాడికి రేబిస్ ఇంజెక్షన్ల అవసరమే ఉండదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అమ్మాయిని కుక్క కరిచినప్పుడు దాని యజమాని ఎవరో మాకు తెలియదు. లీజింగ్ ఆఫీసుకు వెళ్తే ప్రైవసీ అంది అక్కడున్నామె. మేనేజరు సోమవారం వస్తారట, ఫారం నింపి వెళ్ళమంది. పిల్ల కాలికి కట్టుతో నా పక్కనే నిలబడి ఉంది, ఆవిడ కనీసం తలెత్తి చూడలేదు. అక్కడే నిలబడి యానిమల్ కంట్రోల్‌కు ఫోన్ చేశాను. ఆఫీసర్ వచ్చి అడిగాక, నాకు ఇవ్వని అపార్ట్‌మెంట్ నంబరు ఐదు నిమిషాల్లో ఆయన చేతిలో పెట్టారు. ఆయన కుక్క మెడలో బిళ్ళ చూసి వదిలేయలేదు. సర్టిఫికెట్ తెమ్మని, వెటర్నరీ డాక్టరు సంతకం, టీకా వేసిన తేదీ, మళ్ళీ వేయాల్సిన తేదీ వేలు పెట్టి చదివాడు. గడువు దాటిపోయి ఉంది! "అన్నీ వేయించాం" అన్న మాట వాళ్ళూ అన్నారు. అందుకే మీ పక్కింటివాళ్ళ మాట నమ్మి కూర్చోవద్దంటున్నాను.

హ్యూస్టన్ నుంచి:
పది రోజులు ఆగమని చెప్పడం నాకు నచ్చలేదండీ. రేబిస్ లక్షణాలు మొదలైతే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. మన ఊళ్ళో కుక్క కరిస్తే ఎవరైనా ఆగుతారా? బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడిపించుకునైనా ప్రాణం కాపాడుకునేవాళ్ళం. బాబును వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

ఆస్టిన్ నుంచి:
అన్నా, ఆ పద్నాలుగు ఇంజెక్షన్ల కాలం ఇండియాలోనే పోయింది. ఇక్కడ ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ను వెంటనే అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీల మందు, గాయం చుట్టూ ఇస్తారు, టీకా మొదటి డోసు రోజును 0గా లెక్కించి 0, 3, 7, 14 రోజుల్లో భుజానికి వేస్తారు, చిన్నపిల్లలకైతే తొడకు. ఇండియాలో ఆగకూడదన్న మాట నిజమే, అక్కడ కుక్కల్లో రేబిస్ తిరుగుతోంది. అమెరికాలో కుక్కల రకం రేబిస్ పోయిందని 2007లో ప్రకటించారు. కుక్క కళ్ళెదుట ఉండి, ఆరోగ్యంగా ఉంటే ఇక్కడి డాక్టర్లు కనిపెట్టి చూస్తారు. వీధికుక్క అయినా, కరిచి పారిపోయినా, కట్టడిలో జబ్బుపడినా అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఇంకొకటి. బాబుకు ఇండియాలో ఎప్పుడైనా రేబిస్ కోర్సు పూర్తిగా వేయించి ఉంటే ఆ కాగితాలు డాక్టరుకు చూపించండి. అప్పుడు అవసరమైనా రెండు డోసులే, ఇమ్యునోగ్లోబులిన్ అక్కర్లేదు. బిల్లులో అసలు బరువంతా దానిదే, వేల డాలర్లు అవుతుంది.

హ్యూస్టన్ నుంచి:
2007 అని కాగితం మీద రాసుకుంటే అయిపోదు. దక్షిణ టెక్సస్‌లో తోడేళ్ళలాంటి కొయోటీల నుంచి కుక్కలకు అంటుకున్న రోజులు నాకు గుర్తున్నాయి. 1995 నుంచి విమానాల్లోంచి టీకా ఎరలు చల్లితే గాని అదుపులోకి రాలేదు. ఇప్పటికీ చల్లుతూనే ఉన్నారు. కంపు చిమ్మే స్కంకులు, నక్కలు ఇంకా ఉన్నాయి కదా?

ఆస్టిన్ నుంచి:
ఉన్నాయి, కాదనను. అందుకే కుక్కకైనా పిల్లికైనా పదహారు వారాల వయసు వచ్చేలోపు టీకా తప్పనిసరి చేశారు. నా భయమంతా గబ్బిలాల మీద. ఇక్కడ మనుషులకు రేబిస్ వచ్చేది ఎక్కువగా వాటి నుంచే. పంటి గాటు కంటికి ఆనదు. పిల్లలు పడుకున్న గదిలో గబ్బిలం కనిపిస్తే తలుపు తీసి తరిమేయొద్దు. గది మూసి యానిమల్ కంట్రోల్‌ను పిలవండి. పరీక్ష మెదడు మీద చేస్తారు కాబట్టి దాని తల నలగకూడదు.

డాలస్, కొత్తగా వచ్చినవారు:
అందరికీ థాంక్స్. గాయం మళ్ళీ కడిగాం, మధ్యాహ్నం డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది. 311కి ఫోన్ చేశాను. పక్కింటాయన ముఖం మాడ్చుకున్నాడు. కుక్కను వాళ్ళింట్లోనే ఉంచుకోనిస్తారా, షెల్టర్‌కు తీసుకెళ్తారా అని అడుగుతున్నాడు.

ప్లేనో నుంచి:
టీకా గడువులో ఉండి, ఇంట్లో గట్టిగా కట్టడి చేసే వీలుంటే చాలాసార్లు ఇంట్లోనే ఉంచనిస్తారు. కరిచినప్పుడు పట్టీ లేకుండా వదిలేసి ఉంటే మాత్రం షెల్టర్‌కో వెటర్నరీ క్లినిక్‌కో పంపొచ్చు. నిర్ణయం ఆఫీసర్‌ది, ఖర్చు యజమానిది. పక్కింటాయన్ని రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకుండేవాళ్ళ బీమా) ఉందేమో కూడా అడుగు తమ్ముడూ. కుక్క కాటు డాక్టరు బిల్లులు చాలా పాలసీల్లో వస్తాయి, కొన్నిట్లో కొన్ని జాతులకు ఇవ్వరు. గాయం ఫొటోలు తేదీతో సహా ఉంచుకో. కేసు నంబరు ఇస్తారు, అది రాసి పెట్టుకుని పదో రోజు నువ్వే ఫోన్ చేసి కుక్క ఎలా ఉందో కనుక్కో.