స్కాన్‌లో 3 సెం.మీ. గడ్డ, గర్భసంచి తీసేయమంటున్నారు. అంత అవసరమా?

నీలిమేఘం
నాకు 46. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే. ఏడాది దాటింది, నెలసరి తేదీ తప్పట్లేదు కానీ వచ్చిందంటే మొదటి మూడు రోజులూ గంటన్నరకో ప్యాడ్ మార్చాలి. ద్రాక్షపండంత రక్తపు గడ్డలు పడుతున్నాయి. నొప్పి కూడా ఇదివరకు ఇంత ఉండేది కాదు. మెట్లెక్కితే ఆయాసం, రక్తం (హిమోగ్లోబిన్) 8.4కి పడిపోయింది.

స్కాన్ రిపోర్టులో 'బల్కీ యుటరస్, వెనక గోడలో 3.1 సెం.మీ. ఇంట్రామ్యూరల్ ఫైబ్రాయిడ్, ఎండోమెట్రియం 14 మి.మీ.' అని ఉంది. అంటే గర్భసంచి కాస్త పెద్దదైందట, దాని వెనక గోడ కండరంలో గడ్డ ఉందట, లోపలి పొర మందం 14 అట. డాక్టరుగారు అది చూసి, "పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది? పనిలో పనిగా అండాశయాలు కూడా తీసేద్దాం" అన్నారు. వేరే పరీక్షలేవీ రాయలేదు. మావారు సరే అనేశారు, అత్తయ్య సరే అనేశారు, నన్నొక్కదాన్నే ఎవరూ అడగలేదు. ఆపరేషనంటే నాకు భయం లేదు. ఎందుకో తెలియకుండా బల్ల ఎక్కడం ఇష్టం లేదు, అంతే. ఆ 14 మాత్రం టెన్షన్ పెడుతోంది. 4 దాటితే క్యాన్సర్ అని ఎక్కడో చదివాను.

చిన్నక్క
నేను తీయించుకున్నాను, నిక్షేపంలా ఉన్నాను. నెలనెలా ఆ నరకం లేదు. అందరూ అనవసరంగా భయపెడతారు. కాకపోతే నాకు ముందు మందులు వాడారు, గర్భసంచి లోపల లూప్ వేశారు, అది జారిపోయింది, ఆ తర్వాతే ఆపరేషన్. మీకు అవేవీ చెయ్యకుండానే అంటున్నారంటే మాత్రం ఇంకో డాక్టరుకి చూపించండి.

ఓపీ డాక్టరమ్మ
నేను గైనకాలజిస్టునే. మిమ్మల్ని పరీక్ష చెయ్యలేదు కాబట్టి ఇలా చెయ్యండని చెప్పను, ఏమేం అడగాలో చెబుతాను.

ముందు ఆ 14 సంగతి. 4 మి.మీ. లెక్క నెలసరి పూర్తిగా ఆగిపోయాక రక్తం కనిపించినవాళ్లకి. నెలసరి వస్తున్నవాళ్లలో లోపలి పొర మందం రోజురోజుకీ మారుతుంది, నెలసరి ముందు 14 ఉండటం మామూలే. అందుకని పరీక్ష అక్కర్లేదనుకోకండి. 45 దాటి ఇంత రక్తం పోతుంటే మందం ఎంతున్నా లోపలి పొర ముక్క తీసి బయాప్సీకి పంపాలి. సన్నటి గొట్టంతో ఓపీలోనే కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. కడుపు మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, రాదని చెప్పను. గర్భసంచి తీసేముందే ఇది తెలియాలి, ఎందుకంటే ఫలితాన్నిబట్టి ఆపరేషనే మారిపోవచ్చు.

ఇక గడ్డ. దాని సైజుకంటే అది ఎక్కడుందన్నదే ముఖ్యం. లోపలి గదిలోకి పొడుచుకొస్తే సెంటీమీటరున్నరదైనా రక్తం ధారగా పోతుంది. బయటివైపు పెరిగిన పెద్ద గడ్డ నెలసరిని అసలు కదపకపోవచ్చు. మీది గోడలో ఉంది. అది లోపలి పొరని నొక్కుతోందా లేదా అన్నది రిపోర్టులో లేదు. యోని ద్వారా చేసే స్కాన్‌లోనో, గదిలోకి సెలైన్ పంపి చేసే స్కాన్‌లోనో తెలుస్తుంది. నొక్కకపోతే ఆ గడ్డ అమాయకురాలే కావచ్చు.

నాకు అనుమానం 'బల్కీ' అన్న మాట మీద. రిపోర్టుల్లో దాన్ని అలవాటుగా రాసేస్తుంటారు, నిజమే. కానీ కొత్తగా నొప్పి, దాంతోపాటు ఎక్కువ రక్తం అంటున్నారు కాబట్టి అడినోమయోసిస్ ఉందేమో చూడమనండి. అంటే లోపలి పొర లాంటి కణాలు గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోవడం.

థైరాయిడ్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. ఐరన్ ఈరోజే మొదలవ్వాలి. ఆపరేషన్ చేసినా చెయ్యకపోయినా 8.4తో ఉండకూడదు.

అండాశయాల విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వంశంలో అండాశయ, రొమ్ము క్యాన్సర్లు లేకపోతే, అవి బాగుంటే, 46లో 'పనిలో పనిగా' తీయకూడదు. ఒక్కసారిగా ఒంట్లో ఆవిర్లు మొదలవుతాయి, ఎముకలు పలచబడతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. నిజంగా గర్భసంచి తీయాల్సొస్తే ఫెలోపియన్ ట్యూబులు మాత్రం తీసి అండాశయాలు ఉంచెయ్యమని అడగొచ్చు. అండాశయ క్యాన్సర్ ముప్పు దాంతో కూడా తగ్గుతుంది.

నీలిమేఘం
మా వంశంలో ఎవరికీ లేదు మేడమ్. చిన్నక్కగారికి జారిపోయిన లూప్, హార్మోన్ లూప్ ఒకటేనా? గడ్డ ఉన్నవాళ్లకి వేస్తారా?

ఓపీ డాక్టరమ్మ
చిన్నక్కగారిది ఏదో ఆవిడే చెప్పాలి. కాపర్ టీ అయితే రక్తస్రావం ఇంకా పెరగొచ్చు, అది మీకు వద్దు. లెవొనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ఉన్న లూప్ అయితే కొన్ని నెలల్లో రక్తస్రావాన్ని 90 శాతం దాకా తగ్గించగలదు, అడినోమయోసిస్‌కీ పనికొస్తుంది. లోపలి గది ఆకారం చెడకపోతే గడ్డ ఉన్నా వేస్తారు, గర్భసంచి పెద్దదైతే జారిపోయే అవకాశం కాస్త ఎక్కువ. మొదటి మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తూ విసిగిస్తుంది. కొంతమంది అప్పుడే తీయించేసుకుంటారు. బయాప్సీ ఫలితం వచ్చాకే వేయించుకోండి. ఈలోగా రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జమిక్ యాసిడ్ అనే మందు గురించి అడగండి. రక్తం పోయే రోజుల్లోనే వాడతారు, సగానికి దగ్గరగా తగ్గిస్తుంది. కాళ్లలోగాని ఊపిరితిత్తుల్లోగాని ఎప్పుడైనా రక్తం గడ్డకట్టి ఉంటే ముందే చెప్పాలి.

వరుసగా రెండు గంటలు గంటకో ప్యాడ్ తడిసిపోయినా, కళ్లు తిరిగినా ఓపీ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

చిన్నక్క
నాది హార్మోన్‌దే అండీ. గర్భసంచి బాగా పెద్దదైపోయి జారిందన్నారు.

నీలిమేఘం
ఆపరేషన్ తేదీ వాయిదా వేయించాను. ఇంకో డాక్టరు దగ్గర బయాప్సీకి అపాయింట్‌మెంట్ దొరికింది. ఈసారి మావారిని కూడా లోపలికి తీసుకెళ్తున్నాను, ఏం అడగాలో కాగితం మీద రాసుకున్నా.