విగ్రహం ఎవరి మాట? పెట్టినవాళ్లదా, చూసేవాళ్లదా?

పాతమెట్లు:
నగరం నడిబొడ్డున ఉన్న విగ్రహాన్ని చూపించి “ఇక్కడి జనం ఇలాంటివాళ్లు” అనేస్తుంటారు. నేను ఒప్పుకోను. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ సంగతే చూడండి. బానిసల వ్యాపారంలోనూ డబ్బు గడించిన ఎడ్వర్డ్ కోల్‌స్టన్ 1721లో చనిపోయాడు. కంచు విగ్రహం పెట్టింది 1895లో, అంటే 174 ఏళ్ల తర్వాత. అప్పటికి బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసి అరవై ఏళ్లు దాటింది. అయినా పలక మీద మహా సుగుణవంతుడు, వివేకి అని చెక్కించారు. 1895లో పలుకుబడి ఉన్నవాళ్లు జనం ఎవరికి దండం పెట్టాలనుకున్నారో ఆ విగ్రహం చెబుతుంది, అంతే. మీరేమంటారు?

గడియారస్తంభం:
సగం నిజం ఉందండీ. కానీ నచ్చనిదల్లా కూల్చుకుంటూ పోతే మన తప్పులు రేపటి పిల్లలకు ఎలా తెలుస్తాయి? 2020 జూన్ 7న నిరసనకారులు ఆ విగ్రహాన్ని తాళ్లతో లాగి, దొర్లించుకుంటూ తీసుకెళ్లి రేవులో పడేశారు. ఓటు లేదు, చర్చ లేదు. గుంపు చేసింది ఊరి మాట ఎలా అవుతుంది?

పాతమెట్లు:
చర్చ లేదనకండి. అసలు సంగతి చెప్పే ఇంకో పలక పెట్టాలని అంతకుముందే వాదనలు నడిచాయి. ఏ మాటలు రాయాలో తేలక ఆ పలక పెట్టనే లేదు. ఇప్పుడా విగ్రహాన్ని నీళ్లలోంచి తీసి, చల్లిన రంగులు చెరపకుండా మ్యూజియంలో వెల్లకిలా పడుకోబెట్టారు. చరిత్ర ఎక్కడ పోయింది?

నల్లరాయి:
ఇద్దరూ ఎవరు పెట్టారు, ఎవరు తీశారు అనే చోటే ఆగారు. పెట్టాక జనం అక్కడ ఏం చేస్తారన్నది నాకు ముఖ్యం. వాషింగ్టన్‌లోని వియత్నాం యుద్ధ స్మారకానికి 1981లో పోటీ పెడితే 1,400 పైచిలుకు నమూనాలు వచ్చాయి. గెలిచింది 21 ఏళ్ల విద్యార్థిని మాయా లిన్. నేలలోకి దిగినట్టుండే నల్ల గ్రానైట్ గోడ, దాని మీద 58,000కు పైగా పేర్లు. హోదాలు లేవు. అక్షర క్రమం కాదు, ప్రాణాలు పోయిన వరుస. రాయి ఎంత నునుపంటే, పేరు చదువుతుంటే దాని మీద మన మొహమే కనబడుతుంది. పేరు మీద కాగితం ఆనించి, పెన్సిల్‌తో రుద్ది, ఆ ముద్రను ఇంటికి పట్టుకెళతారు. మొదట్లో ఇది సైనికులకు అవమానమని పెద్ద గొడవ జరిగింది. 1984లో దగ్గర్లో ముగ్గురు సైనికుల కంచు విగ్రహం కూడా పెట్టారు. గోడను ఎంచింది న్యాయనిర్ణేతలే. తమది చేసుకుంది మాత్రం జనం.

గడియారస్తంభం:
బాగా చెప్పారు. నా మాట కూడా వినండి. బెర్లిన్‌లో పార్లమెంటు భవనాన్ని బాగుచేస్తుంటే 1945లో సోవియట్ సైనికులు గోడల మీద రాసుకున్న పేర్లు బయటపడ్డాయి. జర్మనీ ఓడిపోయిన రోజుల గుర్తులవి. అయినా చాలావాటిని అలాగే ఉంచారు, ఎంపీలు వాటి పక్కనుంచే నడుస్తారు. 1999లో తెరిచిన పైనున్న గాజు గోపురంలోకి మామూలు జనం ఎక్కి, కింద సభను చూడొచ్చు. ఇదంతా ఎన్నికైనవాళ్లు వాదించుకుని తేల్చుకున్నది. బ్రిస్టల్‌లోనూ ఆ ఓపిక ఉండాల్సింది.

పాతమెట్లు:
బెర్లిన్‌లో ఓపిక పట్టింది ఓడినవాళ్లే, అదీ తమ సొంత గోడల మీద. బ్రిస్టల్‌లో బానిసల వారసులు కూడా ఆ విగ్రహం కిందనుంచే పనికీ బడికీ వెళ్లారు. 125 ఏళ్లు నిలబడిందది. వాళ్లను ఇంకొన్నాళ్లు ఆగమనడానికి నాకు నోరు రాదండీ.