కూల్చేసిన కాలేజీ బిల్డింగు వివరాలు ఏ రికార్డుల్లో దొరుకుతాయి?

పాతగోడ: నిజాం జమానాలో ఒక తాలూకా కేంద్రంలో కట్టిన కాలేజీ బిల్డింగు ఇప్పుడు లేదు, ఆ జాగాలో మడిగెలు వచ్చాయి. మిగిలిన శిలాఫలకం మీద ‘ఖుర్దాద్ 1337 ఫస్లీ’ (నిజాం సర్కారు వాడిన రెవెన్యూ సంవత్సరం) అని ఉంది. 590 కలిపితే 1927, అంతేనా? హైదరాబాద్‌లో ఏ ఆఫీసుకు పోవాలి?

షికస్తా: కాదండీ, 1928. ఫస్లీ ఏడు అక్టోబరులో ఆజుర్‌తో మొదలవుతుంది. డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. ఖుర్దాద్ ఏడో నెల, అంటే ఎండాకాలం. అది పునాది తేదీయా, ప్రారంభం తేదీయా కూడా చదివించండి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీకే పునాది 1934, ప్రారంభం 1939.

తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ‘కాలేజీ’ అని అడిగితే ఫైలు దొరక్కపోవచ్చు. జూనియర్ కాలేజీలు 1969 తర్వాతి సంగతి. అంతకుముందు అదే బిల్డింగు హైస్కూలు అయి ఉంటే ‘మద్రసా ఫౌఖానియా’ అని రాసుంటారు. వుస్తానియా అంటే మిడిల్ స్కూలు. ఉర్దూ రాతప్రతులు చదవగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి, అచ్చు ఉర్దూ వస్తే సరిపోదు.

బైనంబర్: పేరు పట్టుకుని తిరిగేకంటే భూమిని పట్టుకోండి. ఇప్పటి సర్వే నంబరు, గ్రామ నక్ష (మ్యాపు), సేత్వార్ (పాత సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ నంబరు ఎవరి పేర ఉందో రాసిన రికార్డు). ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడాలి. 112 నంబరు తర్వాత 112/అ, 112/ఆగా చీలి ఉంటే విస్తీర్ణాలు కూడి పాత లెక్కతో సరిచూడండి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. తేడా వస్తే రోడ్డు వెడల్పులోనో, కబ్జాలోనో పోయినట్టు. జాగా ఆబాదీలో (ఊళ్లో ఇళ్లున్న స్థలంలో) ఉంటే మాత్రం పహాణీలో విడిగా కనబడదు, మున్సిపాలిటీ ఇంటి నంబర్ల రిజిస్టరే దిక్కు.

దూలం: బిల్డింగు ఆకారం కావాలంటే 1960-72 మధ్య తీసిన అమెరికా ‘కరోనా’ గూఢచారి ఉపగ్రహ చిత్రాలు చూడండి, ఇప్పుడు రహస్యం కాదు. ఫిల్ము అంచుల్లో చిత్రం సాగుతుంది కాబట్టి చెరువు కట్ట, రైలు స్టేషను లాంటి కదలని గుర్తులు కనీసం నాలుగు తీసుకుని నక్షకు అతికించాలి. కూల్చినప్పటి ఇనుప గర్డర్లు ఎక్కడైనా ఉంటే వాటి మీది కంపెనీ ముద్ర ఫోటో తీయండి. కానీ దాంతోనే ఏడు తేల్చేయొద్దు, పాత గర్డర్లు తెచ్చి వాడటం మామూలే.

పాతగోడ: జాగా ఆబాదీలోనే ఉంది. ముందు మున్సిపాలిటీ రిజిస్టరు, తర్వాత తార్నాక.