పాత ట్రాక్టర్ మానిఫోల్డ్ పగిలింది, వెల్డింగ్ నిలుస్తుందా?

మా పాత డీజిల్ ట్రాక్టర్‌ని చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజన్ పక్క నుంచి టిక్కుటిక్కుమని చప్పుడు వస్తోంది, వేడెక్కాక చాలావరకు తగ్గిపోతోంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని (ఇంజన్ నుంచి పొగను బయటి గొట్టానికి చేర్చే భాగం) వైరు బ్రష్‌తో రుద్ది చూస్తే రెండో, మూడో పోర్టుల (పొగ వచ్చే రంధ్రాల) మధ్య సన్నని పగులు, దాని పొడవునా నల్లటి మసి చార కనిపించాయి. మానిఫోల్డ్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే గ్యాస్కెట్ (సీలు) దగ్గర మాత్రం మసి లేదు.

పోత ఇనుము కదా, మామూలు రాడ్‌తో అతికిస్తే పక్కనే మళ్లీ పగులుతుందేమోనని భయం. పగులు చివర్లలో చిన్న రంధ్రాలు వేసి, బాగా వేడిచేసి, నికెల్ రాడ్‌తో వెల్డింగ్ చేయించి, నెమ్మదిగా చల్లారనిస్తే నిలుస్తుందా? ఇత్తడి బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతికించడం) అంత వేడికి ఆగుతుందా? అన్నిటికంటే ముందు, మానిఫోల్డ్‌ని బిగించే తుప్పు పట్టిన స్టడ్‌లు (మరల కడ్డీలు) ఇంజన్ హెడ్‌లో విరగకుండా ఎలా విప్పాలి? ఈ మోడల్‌కి కొత్త మానిఫోల్డ్ ఎక్కడా దొరకడం లేదు, ఎలాగైనా దీన్నే బాగుచేయించుకోవాలి. ఈ పని స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.