పడమటి హాలు, నైట్ షిఫ్ట్ బెడ్‌రూమ్: కర్టెన్లు ఎలా తీసుకోవాలి?

నిజాంపేట_నాలుగో_అంతస్తు:

అందరికీ నమస్తే. మార్చిలో నిజాంపేటలో కొత్త ఫ్లాట్‌లోకి దిగాం, టూ బీహెచ్‌కే. గృహప్రవేశం ఖర్చుల్లో పడి కర్టెన్లు తర్వాత చూద్దాంలే అనుకుని పాత దుప్పట్లు తాడుకి కట్టి నెట్టుకొస్తున్నాం. ఇప్పుడు ఏప్రిల్ ఎండకి ఆ దుప్పట్లు చేతులెత్తేశాయి.

హాలు పడమర ముఖం. బాల్కనీకి ఎనిమిది అడుగుల స్లైడింగ్ తలుపు, మొత్తం గాజే. మధ్యాహ్నం మూడున్నర దాటితే సోఫా మీద కూర్చోలేం, మా పాప ఇంట్లో చెప్పులేసుకుని ఆడుకుంటోంది. బెడ్‌రూమేమో తూర్పు వైపు, ఐదడుగుల కిటికీ. మావారిది నైట్ షిఫ్ట్, తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చి పడుకుంటారు, ఆరున్నరకల్లా ఎండ సరిగ్గా ఆయన మొహం మీదే పడుతుంది. తువ్వాలు మొహాన కప్పుకుని పడుకుంటున్నారు పాపం.

ఒక షోరూమ్‌కి వెళ్తే మనిషిని పంపి కొలతలు తీసుకున్నారు. రెండు రోజులకి 87 వేలని కొటేషన్ వచ్చింది. అందులో గుడ్డ ఎన్ని మీటర్లు, కుట్టుకూలి ఎంత, రాడ్లకెంత అని అడిగితే "ప్యాకేజీ మేడమ్" అన్నారు. మా బడ్జెట్ 35 వేలు, మహా అయితే 40. మా అత్తయ్యగారికి మెరూన్ వెల్వెట్ కావాలి, ఇల్లు నిండుగా కనిపిస్తుందట. నాకు తెల్లటి పల్చటి పరదాలు ఇష్టం. మావారు ఏ రంగైనా పర్వాలేదు చీకటి ఉంటే చాలు అంటున్నారు. రెడీమేడ్ తెచ్చేసుకోమంటారా, కుట్టించమంటారా, లేక బ్లైండ్స్ వేయించేస్తే పోతుందా? మందం వెల్వెట్ వేస్తే హాల్లో వేడి నిజంగా తగ్గుతుందా?

మియాపూర్_మేడమీద:

ముందు హాలు సంగతి. గాజుకి లోపల ఎంత మందం గుడ్డ వేసినా ఎండ అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టే. గాజు దాటిన ఎండకి గుడ్డ వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోనే తిరుగుతుంది. కర్టెన్ వెనక వైపు తెల్లగా ఉంటే కొంత ఎండ గాజులోంచే తిరిగి బయటికి పోతుంది కాబట్టి కాస్త నయం, అదే వెనక కూడా మెరూన్ రంగైతే మొత్తం పీల్చుకుని కూర్చుంటుంది. నేను రెండు వేసవులు మందం కర్టెన్లు వేసుకుని, సాయంత్రం ఐదింటికి గుడ్డ మీద చెయ్యి పెడితే ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది, అప్పుడు అర్థమైంది.

ఎండని గాజుకి అవతలే ఆపాలి. వెనకటికి వసారాలకి తడికలు కట్టేవాళ్ళు కదా, అందుకే. సన్‌షేడ్ ఉంది కదా అంటారేమో, అది మిట్టమధ్యాహ్నం ఎండకే పనికొస్తుంది. మన హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి నిలబెట్టిన కర్రకి నీడే పడదు, మళ్ళీ ఆగస్టు మొదట్లో అలాగే అవుతుంది. ఆ ఎండని సన్‌షేడ్ ఆపుతుంది. నాలుగింటి ఎండ ఏటవాలుగా దాని కిందనుంచి దూరి వచ్చేస్తుంది, పైగా ఈ నెలల్లో పొద్దు గుంకేది నేరుగా పడమరన కాదు, కాస్త వాయవ్యానికి జరిగి. సన్‌షేడ్ ఎంత పెంచినా దాన్ని ఆపలేదు, నిలువుగా ఏదో ఒకటి అడ్డం ఉండాల్సిందే.

బాల్కనీలో వెదురు చిక్, అంటే వెదురు పుల్లల తెర, కట్టించండి. పైకి చుట్టుకునే రకం, వెనక గుడ్డ వేసినది అడగండి, లేకపోతే పుల్లల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతుంది. ముందు అసోసియేషన్‌లో అడగడం మర్చిపోవద్దు, మా దగ్గర ఎలివేషన్ (బిల్డింగ్ బయటి రూపు) పాడవుతుందని పెద్ద రభస చేశారు, చివరికి రెయిలింగ్ నుంచి లోపలికి జరిపి కట్టుకున్నాం. కింద రెండు కొక్కేలు పెట్టించి కట్టెయ్యాలి, మే నెల సాయంత్రం గాలివానకి అది గాజుని కొట్టే చప్పుడు వింటే నిద్ర పట్టదు. ఇంకోటి, చుట్టి వదిలేస్తే వారంలో పావురం కాపురం పెడుతుంది. నా చిక్ ఒకటి మూడు వారాలు దించడానికి లేకుండా పోయింది, గుడ్లు పెట్టింది మరి, ఏం చేస్తాం.

కుట్టుమిషన్_కబుర్లు:

చిక్కడపల్లిలో మా అమ్మా నేనూ పదకొండేళ్ళుగా కర్టెన్లు కుడుతున్నాం. కొటేషన్‌లో మీటర్లు రాయకపోతే ఆ ప్యాకేజీ తీసుకోవద్దమ్మా, డబ్బంతా దాగేది అక్కడే. లెక్క మీరే వేసుకోవచ్చు, కష్టమేం కాదు.

చాలామంది కిటికీని కొలుస్తారు. కొలవాల్సింది రాడ్‌ని. మీ బెడ్‌రూమ్ కిటికీ 60 అంగుళాలు, రాడ్ అటూ ఇటూ ఎనిమిదేసి అంగుళాలు బయటికి రావాలి, అంటే 76. గుడ్డ కుచ్చులు కుచ్చులుగా నిలబడాలంటే రాడ్ పొడవుకి దాదాపు రెండింతలు కావాలి, అంటే 152. గుడ్డ పన్నా, అంటే తాను వెడల్పు, 48 అంగుళాలైతే మూడు పన్నాలకి 144 వస్తుంది, మందం గుడ్డకి సరిపోతుంది, పల్చటి గుడ్డైతే నాలుగు పన్నాలు వెయ్యాలి. రెండింతల కన్నా బాగా తగ్గిస్తే కర్టెన్ మూసినప్పుడు పరిచిన దుప్పటిలా ఉంటుంది, షాపులో మిగుల్చుకునేది ఇక్కడే, మీకు మాత్రం ఏదో తేడాగా ఉందే అనిపిస్తుంది తప్ప ఎందుకో తెలియదు.

ఎత్తు: రాడ్ కిటికీ పైన ఆరంగుళాలకి కొట్టిస్తే మామూలుగా నేల దాకా 90 అంగుళాలు. పైన మడతకీ కింద అంచుకీ కలిపి ఇంకో 12, మొత్తం 102 అంగుళాలు, సుమారు 2.6 మీటర్లు. నాలుగు పన్నాలైతే పదిన్నర మీటర్లు. షాపుకి వెళ్ళి ఈ అంకె చెప్పండి, మాటతీరే మారిపోతుంది. రెడీమేడ్ ఎక్కువగా ఐదు, ఏడు, తొమ్మిది అడుగుల్లో దొరుకుతాయి. ఏడున్నర అడుగుల రాడ్‌కి ఏడడుగులది తగిలిస్తే పొట్టి ప్యాంటు వేసుకున్న మనిషిలా ఉంటుంది, తొమ్మిదడుగులది తెచ్చి కత్తిరిస్తే కుట్టుకూలి ఎలాగూ ఇస్తారు.

బెడ్‌రూమ్‌కి రింగుల కర్టెన్ వద్దు. రింగుకీ రాడ్‌కీ మధ్య సందుల్లోంచి గోడ పైన వెలుగు పడుతుంది, నైట్ షిఫ్ట్ వాళ్ళకి అది చాలు నిద్ర చెడడానికి. సీలింగ్‌కి ట్రాక్ బిగించి ప్లీట్లు (కుట్టిన మడతలు) పెట్టించండి, రెండు చివర్లా గుడ్డ గోడ వైపు తిరిగేలా బిగించమనండి. రెండు ట్రాక్‌లు వేస్తే ఇంకా మంచిది: వెనక బ్లాకౌట్ గుడ్డ (వెలుగు దూరకుండా పూత వేసినది), ముందు మీకు నచ్చింది ఏదైనా. అత్తగారి మెరూన్ కూడా అక్కడ పెట్టుకోవచ్చు. బ్లాకౌట్ గుడ్డని మధ్యలో అతుకు వెయ్యొద్దని గట్టిగా చెప్పండి. ఆ పూత మీద సూది దిగిన ప్రతి చోటా చిన్న రంధ్రం ఉండిపోతుంది, పొద్దున్నే చూస్తే అతుకు వెంట చుక్కలు పెట్టినట్టు వెలుగు కనిపిస్తుంది. పూత ఉన్న వైపు వేడి ఇస్త్రీ పెట్టకూడదు, అంటుకుపోతుంది, ఆ గుడ్డని మళ్ళీ ఎవరూ బాగుచెయ్యలేరు.

హాల్లో రింగులే పెట్టించుకుంటే ఒక్కో కర్టెన్‌కి సరిసంఖ్యలో ఉండాలి, ఎనిమిదో పదో. బేసి అయితే ఒక అంచు గోడ వైపు, ఇంకో అంచు మన వైపు తిరిగి చెవిలా వేలాడుతుంది. టైలర్ కుట్టి ఇచ్చాక ఇంటికి తెచ్చి కాదు, అక్కడే లెక్కపెట్టుకోండి.

ఇక్కత్_పిచ్చోడు:

హాల్లో వెల్వెట్ మాత్రం వద్దండీ, నిజాంపేట రోడ్ల దుమ్మంతా అందులోనే ఉంటుంది. చేనేత చూడండి. పోచంపల్లి అంటే చీరలే అనుకుంటాం కానీ అటువైపే ఉన్న కొయ్యలగూడెంలో దుప్పట్లూ కర్టెన్లకి పనికొచ్చే ఇక్కత్ కాటన్ తానుల్లో దొరుకుతుంది. అంత దూరం వెళ్ళలేకపోతే శిల్పారామంలో స్టాళ్ళు తిరగండి.

నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. తెచ్చిన గుడ్డ తెచ్చినట్టే కుట్టించేశాను, మొదటి ఉతుకులో నాలుగంగుళాలు పైకెళ్ళిపోయింది. ఇప్పుడు దాని కింద నుంచి మా కుక్క తోక కనిపిస్తూ ఉంటుంది. కుట్టించే ముందు తడిపి, నీడన ఆరేసి, ఆ తర్వాతే కొలవాలి. కొనేటప్పుడే మీటరుకి ఐదు సెంటీమీటర్ల చొప్పున అదనంగా తీసుకోండి. వెనక తెల్లటి లైనింగ్ తప్పనిసరి, లేకపోతే పడమటెండకి రెండేళ్ళలో రంగు వెలిసిపోతుంది.

కలంకారీ కూడా హాలుకి బావుంటుంది. సందర్భం కాకపోయినా చెప్పాలనిపించింది: 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యం రేవు మచిలీపట్నం నుంచి ఓడల్లో వెళ్ళిన అద్దకం గుడ్డల్ని ఐరోపా వాళ్ళు మంచాల చుట్టూ తెరలుగా కట్టుకునేవాళ్ళు. ఆ మోజు ఎక్కడిదాకా పోయిందంటే, తమ నేతపనివాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో మన అద్దకం గుడ్డల్ని నిషేధించింది. మనమేమో ఇప్పుడు ఎనభై వేలు పోసి పాలిస్టర్ కట్టుకుంటున్నాం.

కొండాపూర్_కిరాయిల్లు:

జీబ్రా బ్లైండ్స్ (ఒక చార పల్చగా, ఒక చార మందంగా ఉండేవి) వేసుకున్న అనుభవంతో చెబుతున్నా. హాలుకి ఓకే, చారలు జరిపితే వెలుగు మన ఇష్టం, దులుపుకోవడం తేలిక. బెడ్‌రూమ్‌కి దండగ, మూసినా చీకటి రాదు, పక్కల సందు ఉండనే ఉంటుంది. పాప ఉందన్నారు కదా, బ్లైండ్స్‌కి పక్కన వేలాడే గొలుసు పిల్లల మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది. వేస్తే గొలుసుని గోడకి బిగుతుగా బిగించే క్లిప్పు పెట్టించండి, మంచం గానీ కుర్చీ గానీ ఆ పక్కన ఉంచొద్దు. బాల్కనీ చిక్ తాడుకైనా అంతే, పైన ఎత్తులో చుట్టి పెట్టండి.

ఇంకో మాట, గుడ్డ షాపు లైట్ల కింద ఎంచుకోవద్దు. అర మీటరు ముక్క కొనుక్కుని ఇంటికి తెచ్చి సాయంత్రం నాలుగింటికి గాజు ముందు పట్టుకుని చూడండి. షాపులో గంధం రంగు అని తెచ్చింది మా ఇంట్లో పిస్తా రంగైంది.

నిజాంపేట_నాలుగో_అంతస్తు:

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమనుకోకండి. అందరికీ థ్యాంక్స్.

అసోసియేషన్ సెక్రటరీగారు కాఫీ రంగు చిక్ అయితే అభ్యంతరం లేదన్నారు. రెండు ముక్కలుగా కట్టించాం, తాళ్ళు పాపకి అందనంత ఎత్తులో. హాలు చల్లగా అయిపోయిందని చెప్పను కానీ, నిన్న ఐదింటికి సోఫాలో కూర్చుని టీ తాగాం, పాప చెప్పులు విప్పేసింది. లోపల నాకిష్టమైన తెల్ల పరదాలే వేశాం, 112 అంగుళాల రాడ్‌కి ఆరు పన్నాలు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో నా లెక్క కాగితం తీసి మీటర్లు చెప్పగానే గుడ్డల షాపతను "మీరు టైలరా అమ్మా?" అని అడిగాడు, ఆ ఆనందమే వేరు.

బెడ్‌రూమ్‌కి రెండు ట్రాక్‌లు. పైన కాంక్రీటుకి మామూలు డ్రిల్ దిగక మళ్ళీ హామర్ డ్రిల్ తెచ్చి బిగించారు, ఒక రోజు దానికే పోయింది. మావారు పదకొండు దాకా లేవడం లేదు, ఇప్పుడు టిఫిన్ ఎన్నిసార్లు వేడి చెయ్యాలన్నది కొత్త సమస్య. అన్నీ కలిపి 36 వేలు దాటింది.

మెరూన్ వెల్వెట్ మీటరున్నర కొని దిండు గలీబులు కుట్టించాం, అత్తయ్యగారు సర్దుకున్నారు. రింగుల సంగతి ఆవిడకి బాగా ఎక్కేసింది. మొన్న కింద ఫ్లోర్ వాళ్ళింటికి పేరంటానికి వెళ్తే, తాంబూలం చేతిలో పట్టుకునే వాళ్ళ కర్టెన్ కేసి చూసి, నా చెవిలో "తొమ్మిదే ఉన్నాయే" అన్నారు.