100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో 11 ఎంబీనే: కంపెనీలు బైట్లలో చెప్పాలా వద్దా?

పాలకొల్లు_కుర్రాడు:
ఇంట్లో 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ప్లాన్. 50 జీబీ గేమ్ పెడితే డౌన్‌లోడ్ సెకనుకు 11.2 ఎంబీ దగ్గరే తిరుగుతోంది, గంటా పావు పట్టింది. 8 బిట్లు కలిస్తే ఒక బైట్ అని నాకు తెలుసు, అది చెప్పొద్దు. నా ప్రశ్న వేరు. ఫైల్ బైట్లలో, డిస్క్ బైట్లలో, రోజువారీ డేటా ప్యాక్ కూడా జీబీల్లోనే. స్పీడ్ ఒక్కటే బిట్లలో ఎందుకు? ప్రకటనలోనే "సెకనుకు 12 మెగాబైట్లు" అని వేయించాలి. "వంద అన్నార్రా, పదకొండేనా" అని నాన్న అడిగితే ఏం చెప్పాలి?

లెక్కల_మాస్టారు:
నాయనా, నీకు పూర్తి స్పీడే వస్తోంది. పది కోట్ల బిట్లను 8తో భాగిస్తే కోటీ పాతిక లక్షల బైట్లు. నీ ప్రోగ్రామ్ 1024 లెక్కన (1024 బైట్లు ఒక కేబీ, 1024 కేబీలు ఒక ఎంబీ) చూపిస్తుంటే అది 11.92 ఎంబీ. ఆపైన డేటా చిన్న చిన్న ప్యాకెట్లుగా పోతుంది, ప్రతి ప్యాకెట్‌కీ చిరునామా లాంటి తలభాగాలుంటాయి: ఈథర్నెట్ (నెట్‌వర్క్ కేబుల్) తీగ మీద 1538 బైట్లు పోతే అసలు సరుకు 1460, అంటే 95 శాతం. 11.3 వచ్చిందా? ఇక గొడవెక్కడ? తీగలో పోయేవి బిట్లు కాబట్టి నెట్‌వర్క్ వాళ్లు బిట్లలో కొలుస్తారు. ప్రభుత్వం 2023లో బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 512 కేబీపీఎస్ నుంచి పెంచినప్పుడూ 2 ఎంబీపీఎస్ అనే రాసింది.

బైనరీ_బాబాయ్:
మాస్టారు అసలు మోసాన్ని దాటేశారు. కంప్యూటర్లో మెగా అంటే 1024 ఇంటూ 1024. పది లక్షలు అనేది హార్డ్‌డిస్కులు అమ్మేవాళ్ల తెలివి. నెట్ వాళ్లూ అదే పట్టుకున్నారు.

లెక్కల_మాస్టారు:
ఎవరూ పట్టుకోలేదు బాబాయ్. 10 ఎంబీపీఎస్ ఈథర్నెట్ వచ్చిన రోజు నుంచీ అది కోటి బిట్లే. 1024 లెక్కకి వేరే పేరుండాలని 1998లోనే మెగా, గిగాలకు బదులు మెబి, గిబి పెట్టారు. విండోస్ వినలేదు. మ్యాక్ 2009లో వెయ్యి లెక్కకి మారింది.

బైనరీ_బాబాయ్:
మెబి అని మీ వీధిలో ఎవరైనా అంటారా? పాలిటెక్నిక్‌లో 1000 రాసినందుకు నాకు మార్కులు కోసేశారు. మరి 1.44 ఎంబీ ఫ్లాపీకి ఏమంటారు?

లెక్కల_మాస్టారు:
అది 1440 ఇంటూ 1024. మీదీ కాదు, నాదీ కాదు, రెండూ కలిపిన కలగూరగంప.

మౌనవ్రతం:
భోజనం చేసొచ్చినా ఇంకా ఫ్లాపీలోనే ఉన్నారు.

పాలకొల్లు_కుర్రాడు:
మాస్టారూ, నేనడిగింది ఎందుకలా కొలుస్తారని కాదు. మొబైల్లో డేటా అయిపోయాక "64 కేబీపీఎస్ అన్‌లిమిటెడ్" అని వేస్తారు. సెకనుకు 8 కిలోబైట్లు అని వేస్తే ఎవడైనా అన్‌లిమిటెడ్ అని మురిసిపోతాడా? 2 ఎంబీ ఫోటోకి నాలుగు నిమిషాల పైనే. తెలుగు పేపర్ ప్రకటనలో బిట్‌కి చిన్న బి, బైట్‌కి పెద్ద బి అనే తేడా కూడా ఉండదు, రెండూ ఎంబీలే.

ఫైబర్_తమ్ముడు:
కనెక్షన్లు పెట్టేవాణ్ని, నా మాట వినండి. బైట్లలో వేస్తే స్పీడ్ టెస్టులో 95 చూసి, 12కి 95 ఎలా వచ్చిందని మళ్లీ మాకే ఫోన్. కస్టమర్‌కి కావాల్సింది అంకె కాదు, వీడియో ఆగకుండా రావడం.

వరంగల్_వనజ:
అంకె అక్కర్లేదా తమ్ముడూ? 200 ప్లాన్‌కి ఏడాది డబ్బు ముందే కట్టాం. ఎప్పుడు చూసినా 94. ముగ్గురొచ్చారు, ముగ్గురూ "వైఫైలో అంతే మేడం" అన్నారు. రౌటర్ వాళ్లిచ్చిందే, డబ్బా మీద ఏసీ1200 అని ఉంది. మా మేనల్లుడు చూసి చెప్పాడు: రెండు వైఫై బ్యాండ్ల వేగాలు 867, 300 కలిపి 1167, దాన్ని 1200 చేశారట. ఫోన్ ఒకసారికి ఒక బ్యాండ్ మీదే ఉంటుంది. వెనక కేబుల్ గుచ్చే పోర్టులన్నీ 100 ఎంబీపీఎస్‌వి. ఆ డబ్బాలోంచి 200 ఎలా వస్తుంది?

లెక్కల_మాస్టారు:
అమ్మా, పోర్టు వివరం డబ్బా వెనక రాసే ఉంటుంది. కొనేముందు చదువుకోవాలి.

వరంగల్_వనజ:
నేను కొన్లేదు మాస్టారూ, వాళ్లు తగిలించి వెళ్లారు. మీకు లెక్కలొచ్చు కాబట్టి లోకమంతా డబ్బా వెనక చదవాలా? 200 అని సంతకం పెట్టించుకున్నవాడికి ఆ పెట్టె 100 దాటదని తెలియదా?

ఫైబర్_తమ్ముడు:
తెలుసండీ. తెలిసినా మేమేం చెయ్యాలి? స్టోర్‌లో ఏ పెట్టె ఇస్తే అదే పెడతాం. "దీంట్లో 200 రాదు" అంటే ఆ కనెక్షన్ కమీషన్ పోతుంది. తిట్లు మాకు, ప్లాన్ డబ్బులు ఆఫీసుకి.

పాలకొల్లు_కుర్రాడు:
ఇదే కదా నేననేది! తెలిసినవాడు చెప్పడు, తెలియనివాడు కడతాడు.

లెక్కల_మాస్టారు:
బైట్లలో వేసినా వనజమ్మకి 94కి బదులు 11 కనిపించేది, అంతే. ప్రమాణం మారిస్తే పోర్టు మారదు. కంపెనీ పెట్టె మార్చాలి, అది ఒప్పుకుంటా.

బైనరీ_బాబాయ్:
11.2. 1024 లెక్కన.

ఫైబర్_తమ్ముడు:
వనజగారూ, ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి లింక్ స్పీడ్ చూడండి. 100 బై 100 (రావడానికి 100, పోవడానికి 100) ఉంటే ఫోటో తీసుకోండి. ముందు కంప్లైంట్ సెంటర్‌లో డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకుని, వాళ్లు తేల్చకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తే ఒక్కొక్కరి ఫిర్యాదు వాళ్లు చూడరు. నా పేరు మాత్రం రానివ్వకండి.

వరంగల్_వనజ:
ఫోటో తీశా. 100 బై 100. పెట్టె మారుస్తారు సరే, కట్టిన తేడా డబ్బు?